వారంటీ గడువు ఉండగానే గేర్‌బాక్స్ మరమ్మతుకు 1,46,000 రూపాయలు కట్టమంటున్న డీలరు: బెంగళూరు సభ్యుల సలహా కావాలి

బెళ్లందూరు_బాటసారి | 8 నవంబరు 2025, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. 2023 జూన్‌లో 15 లక్షల 60 వేల రూపాయలు పెట్టి, ఏడు గేర్ల డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే గేర్‌బాక్స్) ఉన్న పెట్రోల్ కారు కొన్నాను. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది, అని వారంటీ పుస్తకంలో రాసి ఉంది. నిన్నటికి 41,280 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పటివరకు ప్రతి సర్వీసూ కంపెనీ అధీకృత డీలరు దగ్గరే, చెప్పిన గడువులోపే చేయించాను.

కొన్నాళ్లుగా ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి మొత్తం వణుకుతోంది. సాయంత్రం పూట ఇబ్లూరు దగ్గర అడుగు తీసి అడుగు వేసే ట్రాఫిక్‌లో అయితే పది నిమిషాలకే గేర్‌బాక్స్ వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చి, కాలిన వాసన కూడా వస్తోంది. మొన్న మంగళవారం మా అమ్మగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుండగా సిల్క్ బోర్డు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కే చోట యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిను మోత పెరిగింది కానీ బండి కదలలేదు. వెనక బీఎంటీసీ బస్సు, దాని వెనక కనుచూపు మేర వాహనాలు, పక్క సీట్లో ఒక కంటికి కట్టుతో అమ్మ. టోయింగ్ బండి వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు పట్టింది.

రెండు రోజుల తరవాత సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేసి, క్లచ్ అరిగిపోయిందనీ, అరిగే భాగాలు వారంటీ కిందికి రావనీ, నా డ్రైవింగ్ పద్ధతి వల్లే ఇలా జరిగిందనీ చెప్పి, 1,46,000 రూపాయల ఎస్టిమేట్ వాట్సాప్‌లో పంపించి 'ఓకే' అని జవాబివ్వమన్నారు. నేను ఇంకా ఏమీ జవాబివ్వలేదు. గేర్‌బాక్స్ ఇంతవరకు దించలేదని కూడా ఆయనే చెప్పారు. దించకుండానే అరిగిపోయిందని ఎలా చెప్పగలిగారో నాకు అర్థం కాలేదు. ఇలాంటి పరిస్థితి ఎవరికైనా ఎదురైతే ఏం చేశారో దయచేసి చెప్పండి.

జయనగర్_గృహిణి | 8 నవంబరు 2025, ఉదయం 8:15

అన్నయ్యా, దయచేసి ఆ 'ఓకే' మాత్రం పంపకండి. రెండేళ్ల కిందట మా కారు ఏసీ కంప్రెసర్ విషయంలో ఇలాగే జరిగింది. మా వారు ఊళ్లో లేరు, పిల్లల బడి ఉంది, బండి లేక చేతులు విరిగినట్టయి, ఎస్టిమేట్‌కు ఒప్పుకుంటున్నామని వాట్సాప్‌లో రాసేశాను. ఆ తరవాత ఎంత మొత్తుకున్నా, మీరే ఒప్పుకున్నారు కదా మేడమ్ అన్న ఒక్క మాటతో మా నోరు మూయించారు. 38,000 రూపాయలు కట్టి బండి తెచ్చుకున్నాం. నా దగ్గర జాబ్ కార్డు (ఫిర్యాదు, చేసిన పని రాసే వర్క్‌షాపు కాగితం) నకలు కూడా లేదు. ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టి వచ్చేశాను.

గేర్‌బాక్స్_మేస్త్రి | 8 నవంబరు 2025, ఉదయం 10:52

బాటసారి గారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, తరవాత బెంగళూరులో రెండు అధీకృత వర్క్‌షాపుల్లో కలిపి 26 ఏళ్లు పని చేశాను. గేర్‌బాక్సులే నా పని. చూడని బండి గురించి తీర్పు చెప్పను కానీ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అడగవలసిన ప్రశ్నలు చెబుతాను.

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు పని చేస్తుంది. డ్రై రకంలో ఇవి ఆయిల్‌లో మునిగి ఉండవు, కాబట్టి రాపిడి వల్ల పుట్టిన వేడి గాలికే చల్లారాలి. నిలబడి కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది, వేడి అక్కడే పుడుతుంది. మీ అడ్వైజర్ ఈ మాటనే పట్టుకుని డ్రైవింగ్ పద్ధతి అంటున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టేవాళ్ల క్లచ్ త్వరగా పోతుంది. అయితే బెంగళూరులో అమ్మే బండి బెంగళూరు ట్రాఫిక్‌లో నడుస్తుందని తయారుచేసినవాళ్లకు తెలియనిది కాదు, మామూలు వాడకానికి 41 వేల కిలోమీటర్లకే రెండు క్లచ్‌లూ పూర్తిగా అరిగాయంటే కారణం వెతకవలసిందే.

అసలు తేల్చవలసింది ఏమిటంటే, క్లచ్ అరిగిందా, లేక చెడగొట్టబడిందా. ఇంజిను శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర, నూనె బయటికి రాకుండా ఆపే ఒక ఆయిల్ సీల్ ఉంటుంది. అది కారితే గేర్ ఆయిల్ క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. పొడిగా పట్టవలసిన ప్లేటు మీద నూనె పడితే అది జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే పైపొర అద్దంలా మెరుస్తూ గట్టిపడి పట్టు పోతుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వచ్చే ఆ వణుకుకు ఇది ఒక సాధారణ కారణం. ఇంజిను వెనక ఉండే ఆయిల్ సీల్ (క్రాంక్ సీల్) కారినా ఇదే జరుగుతుంది. ఆయిల్ సీల్ కారడాన్ని అరుగుదల అని కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

మీరు రాతపూర్వకంగా ఒక్క మాట అడగండి: గేర్‌బాక్స్ దించేటప్పుడు నేను దగ్గరుండాలి, నేను వచ్చేవరకు దేన్నీ తుడవవద్దు, కడగవద్దు. మిగతాది ఆ తరవాత మాట్లాడుకుందాం. ఈ లోపల పాత జాబ్ కార్డులన్నీ తీసి, వణుకు గురించి ముందెప్పుడైనా చెప్పారా చూడండి.

హెబ్బాళ్_పౌరుడు | 8 నవంబరు 2025, మధ్యాహ్నం 1:20

ఇంత ఓపిక ఎందుకండీ? షోరూమ్ ముందు నిలబడి వీడియో తీసి అందరూ చూసేలా పెట్టండి. సోమవారం వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి, కొత్త కారు ఇమ్మని అడగండి. మెత్తగా ఉన్నవాళ్లను చూస్తేనే వీళ్లకు మొత్తబుద్ధి పుడుతుంది. మా తమ్ముడి బండి విషయంలో మేము మూడు నెలలు చెప్పులరిగేలా తిరిగాం, చివరికి గడువు దాటిపోయింది.

శాంతినగర్_వకీలు | 8 నవంబరు 2025, రాత్రి 9:05

హెబ్బాళ్ పౌరుడు గారి ఆవేదన నాకు అర్థమైంది, అయినా ఆ దారిని నేను ఇప్పుడే సూచించను. నేను వినియోగదారుల కమిషన్ల ముందు పదిహేనేళ్లుగా వాదిస్తున్నాను. గెలవవలసిన కేసులు ఓడిపోవడం చాలాసార్లు చూశాను, దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: బండిలో లోపం ఉందని చూపే కాగితం లేకపోవడం.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మీరు నివసించే చోటే, అంటే బెంగళూరులోనే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది. 10 లక్షల నుంచి 20 లక్షల మధ్య ధరకు రుసుము 400 రూపాయలు మాత్రమే. వకీలు తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, సోమవారమే పరుగెత్తవలసిన అవసరం లేదు. డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మాత్రం మరువకూడదు. ఒకరిని వదిలేస్తే, రెండోవారు నెపమంతా ఆ లేనివారి మీదకు నెడతారు.

కొత్త కారు ఇమ్మనే కోరిక గురించి ఒక మాట. మారుతి ఉద్యోగ్‌కూ సుశీల్ కుమార్ గబ్గోత్రా అనే కొనుగోలుదారుకూ మధ్య వివాదంలో 2006లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును ఇటువంటి కేసులన్నింటిలో కంపెనీల తరపు వకీళ్లు ముందు పెడతారు. అందులో తగాదా కూడా క్లచ్ గురించే. లోపం ఉన్న భాగాన్ని బాగు చేయడం లేదా మార్చడం వరకే వారంటీ షరతు హామీ ఇస్తున్నప్పుడు, కారు మొత్తాన్ని మార్చమనడం సరికాదని కోర్టు చెప్పింది. కాబట్టి భాగం మార్పిడి, ఖర్చులు, నష్టపరిహారం అడిగితే మీ మాట బలంగా ఉంటుంది. కారే మార్చమని అడిగితే, దానికి తయారీ లోపం అంత తీవ్రమైనదని నిరూపించే భారం మీ మీద పడుతుంది. సాంకేతిక పరీక్ష లేకుండా తేలని లోపమైతే కమిషన్ నమూనాను తగిన ప్రయోగశాలకు పంపించే వీలు చట్టంలోనే ఉంది, కానీ అప్పటికి ఆ భాగం ఉన్నదున్నట్టుగా ఉండాలి కదా. మేస్త్రి గారు తుడవవద్దు అని చెప్పింది చట్టం దృష్టితో చూసినా అక్షరాలా సరైన సలహా.

వీడియో విషయానికొస్తే, జరిగింది జరిగినట్టు చెప్పడం తప్పు కాదు, కోపంలో ఒక్క మాట ఎక్కువైతే అది మీ మీదకే నోటీసుగా తిరిగి వస్తుంది. అంతకన్నా ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అది ఉత్తర్వులు ఇచ్చే సంస్థ కాదు, కానీ ఫిర్యాదు కంపెనీ వరకు చేరుతుంది, మీకొక డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) మిగులుతుంది.

వారంటీ_డెస్క్ | 9 నవంబరు 2025, ఉదయం 11:30

నేను ఇదే ఊళ్లో ఒక డీలరు దగ్గర ఆరేళ్లు వారంటీ క్లెయిములు చూశాను, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. కౌంటరు వెనక ఏం జరుగుతుందో తెలిస్తే మీకు ఏం అడగాలో తెలుస్తుంది కాబట్టి రాస్తున్నాను.

వారంటీ పని చేసినందుకు డీలరుకు డబ్బు ఇచ్చేది కంపెనీ. ప్రతి పనికీ ఇన్ని గంటలు అని కంపెనీ ముందే కట్టిన లెక్క ఉంటుంది, మేము పని చేసిన చోట ఆ రేటు మామూలు కస్టమరు దగ్గర తీసుకునే లేబర్ రేటు కన్నా తక్కువ. పైగా క్లెయిమ్ సరిగా లేదని తరవాత ఆడిట్‌లో తేలితే, ఇచ్చిన డబ్బు వెనక్కి లాక్కుంటారు. ఆ భయంతో కొందరు మేనేజర్లు సందేహం ఉన్న ప్రతి పనినీ ముందు కస్టమరు ఖర్చు మీదకే తోస్తారు. అది తప్పే, కానీ మీ ముందు కూర్చున్న సర్వీస్ అడ్వైజర్ కుర్రవాడు ఆ నిర్ణయం తీసుకునేవాడు కాదు. అతని మీద అరిస్తే పని జరగదు. వర్క్స్ మేనేజరునూ వారంటీ ఇన్‌చార్జినీ కలవాలి, వాళ్లు కాదంటే కంపెనీ తరపున ఈ ప్రాంతానికి ఉండే సర్వీస్ మేనేజరుకు పంపమనాలి.

ఇక ముఖ్యమైన విషయం. ప్రతి క్లెయిమ్‌లోనూ మూల కారణమైన భాగం ఏదో ఒక కోడ్ వేస్తాం. ఆ ఒక్క గడి మీదే అంతా ఆధారపడుతుంది. అక్కడ క్లచ్ ప్లేటు అని వేస్తే, అరుగుదల భాగం కాబట్టి క్లెయిమ్ తిరస్కరణకు గురవుతుంది. అక్కడ ఆయిల్ సీల్ అని వేసి, దాని వల్ల పాడైన భాగాలుగా క్లచ్ సెట్టును కింద చేర్చితే, అదే పని అదే బండికి వారంటీలో జరిగిపోతుంది. మేస్త్రి గారు చెప్పింది నిజమైతే, మీరు పోరాడవలసింది ఆ గడి కోసం.

తిరస్కరిస్తే నోటి మాటగా కాక, ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో ఆ షరతు సంఖ్యతో సహా ఈమెయిల్‌లో ఇమ్మని అడగండి. ఆ ఒక్క అభ్యర్థనకే చాలా ఫైళ్లు మళ్లీ తెరుచుకోవడం నేను కళ్లారా చూశాను. రాసి ఇచ్చిన కారణానికి ఎవరో ఒకరు పేరు పెట్టి బాధ్యత వహించాలి, ఫోనులో చెప్పినదానికి ఎవరూ వహించనక్కర్లేదు.

బెళ్లందూరు_బాటసారి | 10 నవంబరు 2025, రాత్రి 10:18

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న అర్ధరాత్రి వరకు కూర్చుని పాత కాగితాలన్నీ వెతికాను. 2024 నవంబరు నాటి జాబ్ కార్డు దొరికింది. అప్పటికి బండి 22,600 కిలోమీటర్లు తిరిగింది. 'కస్టమర్ ఫిర్యాదు' అన్న చోట ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణుకు అని స్పష్టంగా ఉంది. 'చేసిన పని' అన్న చోట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టాలో బండి కంప్యూటర్‌కు నేర్పే అమరిక) సరిచేసి, రోడ్డు మీద నడిపి చూశామని రాసి, సంతకం చేశారు. నాకు ఆ సంగతే గుర్తు లేదు. ఆ తరవాత రెండు మూడు నెలలు బాగానే ఉండటంతో మరిచిపోయాను.

ఈ రోజు ఉదయం డీలరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు కలిపి ఈమెయిల్ పంపాను. పాత జాబ్ కార్డు ఫోటో జత చేసి మూడు సంగతులు రాశాను. ఈ లోపం ఏడాది కిందటే మీ రికార్డులోకి ఎక్కింది. గేర్‌బాక్స్ నా సమక్షంలోనే దించాలి. వారంటీ ఇవ్వకపోతే ఏ షరతు కింద ఇవ్వడం లేదో రాసి ఇవ్వాలి. 1915లో కూడా నమోదు చేశాను. సాయంత్రం ఐదింటికి వర్క్స్ మేనేజరే స్వయంగా ఫోన్ చేసి, శుక్రవారం ఉదయం పదింటికి రమ్మన్నారు. శనివారం దాకా మాట్లాడిన గొంతుకూ ఈ గొంతుకూ చాలా తేడా ఉంది.

గేర్‌బాక్స్_మేస్త్రి | 11 నవంబరు 2025, ఉదయం 6:30

ఆ పాత జాబ్ కార్డు మీకు దొరికిన నిధి అనుకోండి. 22 వేల దగ్గరే వణుకు మొదలైందని వాళ్ల సంతకమే చెబుతోంది.

శుక్రవారం వెళ్లినప్పుడు చిన్న టార్చి, ఫోను, రెండు తెల్లటి టిష్యూ కాగితాలు తీసుకెళ్లండి. గేర్‌బాక్స్ దించగానే ముందు బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గూడు) లోపల, కింది భాగంలో చూడండి. ఆరోగ్యంగా ఉన్న డ్రై క్లచ్ దగ్గర బూడిద రంగు పొడి మాత్రమే ఉండాలి, వేలితో రాస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. అది తడిగా, నల్లటి ముద్దలా అంటుకుంటే నూనె చేరిందని అర్థం. టిష్యూతో అద్ది వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు ముక్కు పట్టేసే ఘాటు వాసన ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌కు అంత ఉండదు. క్లచ్ తిరిగేటప్పుడు నూనె మధ్య నుంచి అంచుల వైపు చిమ్ముతుంది కాబట్టి, ప్లేటు మీద సూర్యకిరణాల్లా చారలు కనిపించవచ్చు.

వాళ్లు క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు చూపించి, ఇదిగో మీరు వేడెక్కించారు అంటారు. తొందరపడి ఒప్పుకోకండి. నీలం మచ్చలు వేడెక్కిందని చెబుతాయి, ఎవరు వేడెక్కించారో చెప్పవు. నూనె పడి జారినా అవే మచ్చలు వస్తాయి. ప్లేటు మందం కొలిపించండి. కనీస మందం ఎంతో వాళ్ల వర్క్‌షాప్ పుస్తకంలో ఉంటుంది. మందం ఇంకా మిగిలి ఉంటే, అరిగిపోయింది అన్న వాదన అక్కడే కూలిపోతుంది.

బెళ్లందూరు_బాటసారి | 14 నవంబరు 2025, సాయంత్రం 6:47

ఇప్పుడే ఇంటికి వచ్చాను. జరిగింది వివరంగా రాస్తాను, రేపు మరొకరికి ఉపయోగపడుతుంది.

పదింటికి వెళితే బండి లిఫ్టు మీద ఉంది. గేర్‌బాక్స్ దించే పని ఇద్దరు టెక్నీషియన్లు చేశారు. అందులో పెద్దాయన కోలారు వైపు మనిషి, చక్కటి తెలుగు మాట్లాడారు. పన్నెండున్నరకు గేర్‌బాక్స్ జాకీ మీదకు దిగింది. నేను టార్చి వేసి బెల్ హౌసింగ్‌లోకి చూశాను. మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే అడుగున నల్లటి ముద్ద పేరుకుని ఉంది. వేలు పెడితే తారులా అంటుకుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ తేనె రంగులో సన్నటి తడి, దాని కింద ఒక చుక్క వేలాడుతూ ఉంది. టిష్యూతో అద్ది వాసన చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న కుర్రవాడు అలవాటుకొద్దీ వెంటనే గుడ్డముక్క తీసి తుడవబోయాడు. నేను అడగకముందే పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని, ఉండనీయరా, సార్ ఫోటో తీసుకోనీ, అన్నారు. ఆ మాట నేను చాలా కాలం గుర్తుపెట్టుకుంటాను.

వర్క్స్ మేనేజరు వచ్చి ముందు నీలం మచ్చలే చూపించారు. మందం కొలవమని అడిగాను. రెండు ప్లేట్లూ కొలిచారు, రెండూ వాళ్ల కనీస పరిమితికి పైనే ఉన్నాయి. కొలతలను జాబ్ కార్డు మీద రాయమంటే మొదట అవసరం లేదన్నారు. అయితే నేనే ఈమెయిల్‌లో రాసి మీ నిర్ధారణ కోరతాను అన్నాక, రాసి ఇచ్చారు. సీల్ దగ్గర ఆయిల్ లీకేజీ ఉంది అన్న వాక్యం కూడా నా ముందే చేర్చారు. మొత్తం 43 ఫోటోలు, రెండు వీడియోలు తీశాను. కంపెనీ సర్వీస్ మేనేజరుకు పంపించి జవాబు చెబుతామన్నారు.

జయనగర్_గృహిణి | 14 నవంబరు 2025, రాత్రి 7:10

ఆ పెద్దాయన చల్లగా ఉండాలి. అన్నయ్యా, ఆ జాబ్ కార్డు ఫోటో ఇంకొకరి ఫోనులో కూడా దాచి ఉంచండి.

శాంతినగర్_వకీలు | 14 నవంబరు 2025, రాత్రి 10:30

చాలా బాగా చేశారు. ఆ ఫోటోలు తీసిన ఫోనును అమ్మేయడం గానీ, ఫైళ్లను తుడిచేయడం గానీ చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి, మూల పరికరం చేతిలో ఉంటే అది సులువవుతుంది.

హెబ్బాళ్_పౌరుడు | 15 నవంబరు 2025, ఉదయం 9:12

నా ఆవేశానికి మన్నించండి, మీ పద్ధతే సరైనదని ఒప్పుకుంటున్నాను. వకీలు గారికి ఒక ప్రశ్న. మా తమ్ముడు మధ్యలో ఒకసారి బ్రేక్ ప్యాడ్లు బయటి గ్యారేజీలో మార్పించుకున్నాడు. అంతమాత్రానికే ఇంజిన్ వారంటీ కూడా రద్దయిందని డీలరు చెప్పాడు. అది న్యాయమేనా?

శాంతినగర్_వకీలు | 15 నవంబరు 2025, మధ్యాహ్నం 12:40

బ్రేక్ ప్యాడ్లకూ ఇంజిన్ లోపానికీ సంబంధం చూపించలేనప్పుడు అది నిలబడే వాదన కాదని నా అభిప్రాయం. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులో, బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే గంపగుత్త షరతు పెట్టకూడదనీ, బయటి పని సరిగా లేక జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి కాబట్టి దాన్నే బ్రహ్మాస్త్రంగా చూపించమనను. మీ తమ్ముడు గారికి కూడా నా సలహా ఒకటే: ఏ షరతు కింద రద్దు చేశారో రాయించుకోవాలి. రెండేళ్ల గడువు దాటకపోతే నాకు వ్యక్తిగత సందేశం పంపమనండి.

బెళ్లందూరు_బాటసారి | 20 నవంబరు 2025, సాయంత్రం 5:25

కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. మూల కారణం ఇన్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్ అని నిర్ధారించి, సీల్, పూర్తి క్లచ్ సెట్టు, వాటికి సంబంధించిన లేబర్ వారంటీ కింద ఆమోదించారు. వారంటీ డెస్క్ గారు చెప్పిన ఆ గడి మారింది.

అయితే డీలరు నుంచి వేరే కాగితం వచ్చింది. గేర్ ఆయిల్‌కు, వాడి పారేసే సామాన్లకు కలిపి 9,800 రూపాయలు, బండి వర్క్‌షాపులో నిలిపినందుకు రోజుకు 300 చొప్పున అద్దె. ఇది కట్టవలసిందేనా?

వారంటీ_డెస్క్ | 20 నవంబరు 2025, రాత్రి 8:02

కట్టకండి. వారంటీ పని కోసం ఖాళీ చేసిన ఆయిల్‌ను తిరిగి నింపడం ఆ పనిలో భాగం. మేము దాన్ని క్లెయిమ్‌లోనే పెట్టేవాళ్లం. కంపెనీ ఆమోదించిన ఈమెయిల్‌కే జవాబుగా, కంపెనీ వాళ్లను కలిపి, ఆయిల్ ఈ ఆమోదంలో ఉందా లేదా అని ఒక్క వాక్యం అడగండి. ఇక అద్దె సంగతి. నిర్ణయం ఆలస్యమైంది వాళ్ల వైపు నుంచి, బండి తీసుకెళ్లమని వాళ్లు చెప్పిందీ లేదు. పార్కింగ్ అద్దె అన్నది మీరు సంతకం చేసిన జాబ్ కార్డు వెనక షరతుల్లో ఉందో లేదో కూడా చదవండి.

బెళ్లందూరు_బాటసారి | 6 డిసెంబరు 2025, ఉదయం 8:55

నిన్న సాయంత్రం బండి ఇంటికి వచ్చింది. క్లచ్ సెట్టు రావడానికి ఎక్కువ రోజులు పట్టడంతో, మొత్తం 31 రోజులు బండి లేకుండా గడిచాయి. ఆయిల్ డబ్బు, అద్దె రెండూ తీసేశారు, బిల్లు మీద సున్నా ఉంది. పాత క్లచ్ అడిగితే, వారంటీలో మార్చిన భాగాలు కంపెనీకి వెళ్లాలన్నారు, అది సబబుగానే తోచింది.

సంతకం చేసేముందు ఈసారి ప్రతి అక్షరం చదివాను. మొదట 'జనరల్ చెకప్, క్లచ్ మార్చబడింది' అని మాత్రమే రాశారు. దాన్ని ఆపించి, 'ఇన్‌పుట్ షాఫ్ట్ ఆయిల్ సీల్ లీకేజీ వల్ల క్లచ్ సెట్టు పాడైనందున సీల్, క్లచ్ సెట్టు వారంటీ కింద మార్చబడ్డాయి' అని రాయించాను. ఆ పెద్ద టెక్నీషియన్ పక్కన కూర్చుని బొమ్మనహళ్లి దాకా నడిపించి, మడివాళ దగ్గర ట్రాఫిక్‌లో కావాలనే ఇరవై నిమిషాలు తిప్పి తీసుకొచ్చారు. హెచ్చరిక రాలేదు, వణుకు లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. కొత్తగా వేసిన క్లచ్‌కు మళ్లీ మూడేళ్ల వారంటీ ఉంటుందా? ఈ నెల రోజులు ఆఫీసుకు, ఆసుపత్రికి కలిపి టాక్సీలకు 11,340 రూపాయలయ్యాయి, బిల్లులన్నీ ఉన్నాయి. అడగవచ్చా?

గేర్‌బాక్స్_మేస్త్రి | 6 డిసెంబరు 2025, ఉదయం 10:20

సాధారణంగా వారంటీలో వేసిన భాగానికి అసలు వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది, మీకైతే 2026 జూన్ వరకు. మీ పుస్తకంలో ఏముందో ఒకసారి చూసుకోండి. అందుకే మే నెలలో, గడువుకు ముందే, ఒకసారి లిఫ్టు ఎక్కించి బెల్ హౌసింగ్ కింద తడి ఏమైనా ఉందేమో చూపించుకోండి. చూసినట్టు జాబ్ కార్డు మీద రాయించుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునే ఆలోచన ఉంటే, అసలు గడువు ముగిసేలోపే తీసుకోవాలి. ట్రాఫిక్‌లో మాత్రం ముందు బండికి ఆనుకుని పాకించకండి. కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేకు మీద పూర్తిగా ఆగి, తరవాత ఒక్కసారి కదలండి. బ్రేకు నొక్కి నిలబడినప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది.

శాంతినగర్_వకీలు | 6 డిసెంబరు 2025, మధ్యాహ్నం 3:15

టాక్సీ ఖర్చులు తప్పక అడగవచ్చు. నేను చెప్పిన 2006 నాటి తీర్పులో కారు మార్పిడిని కాదన్న సుప్రీం కోర్టే, కొనుగోలుదారుకు ప్రయాణ ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇప్పించింది. మీరు మొదటిసారి 2024 నవంబరులో చెప్పినప్పుడే సీల్ పరీక్షించి ఉంటే ఈ నెల రోజుల ఇబ్బంది ఉండేది కాదన్నది మీ ప్రధాన వాదన. ముందు ఒక మర్యాదపూర్వకమైన లేఖ రాసి, బిల్లుల నకళ్లు జత చేసి, 15 రోజుల గడువుతో డీలరుకూ కంపెనీకీ స్పీడ్ పోస్టులో పంపండి. బట్వాడా అయిన రుజువు దాచండి. లేఖ చిత్తు నాకు పంపితే చూసి పెడతాను, రుసుము అక్కర్లేదు.

బెళ్లందూరు_బాటసారి | 6 డిసెంబరు 2025, రాత్రి 9:40

చిత్తు మీకు ఇప్పుడే పంపాను. సోమవారం ఉదయం పోస్టాఫీసుకు వెళతాను. అదే రోజు మధ్యాహ్నం అమ్మకు రెండో కన్ను పరీక్ష ఉంది, సిల్క్ బోర్డు మీదుగానే వెళ్లాలి. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.